వెనుక కాళ్లు పడిపోయిన కుక్కకు ఆపరేషనా, విశ్రాంతా?

ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. వాళ్లింట్లో అయిదేళ్ల డాక్స్‌హండ్ ఆడకుక్క ఉంది. పేరు చిట్టి. మూడు వారాల కిందట అది సోఫా ఎక్కడం మానేసింది. ఎత్తుకోబోతే కీచుమని అరిచింది, వీపు గూనిగా వంచి ఒక మూల నిలబడిపోయింది. డాక్టరు స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేసి కొన్ని మాత్రలు ఇచ్చారు. మర్నాటికల్లా చిట్టి పరుగులు పెట్టింది, మంచం ఎక్కి దూకింది. జబ్బు తగ్గిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. రెండు వారాలు తిరిగేసరికి నడక తూలడం మొదలైంది. ఉత్తరం రాయడానికి ముందురోజు పొద్దున్న చూస్తే వెనుక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ ముందు కాళ్లతో పాకుతోంది. ఎక్స్‌రేలో రెండు వెన్నుపూసల మధ్య సందు కాస్త తగ్గింది తప్ప మరేమీ కనబడలేదన్నారు. ఇంకో డాక్టరు చూసి, ఇది డిస్కు జబ్బు, ఎంఆర్‌ఐ తీసి వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. భర్త ఒప్పుకోవడం లేదు. వెన్నెముక కోస్తే ఇక లేవదనీ, దాన్ని బాధపెట్టడం కన్నా ప్రశాంతంగా పంపేయడం మేలనీ ఆయన అంటున్నారు. మొదటిసారి ఇంజెక్షన్‌తోనే లేచింది కదా, మళ్లీ అదే చేయిద్దామని ఆడపడుచు సలహా. ఇంట్లో మిగిలిపోయిన, మనుషులు వాడే నొప్పి మాత్రలు వేయమని కూడా చెప్పారట. "వేలు నొక్కితే కాలు వెనక్కి లాక్కుంటోంది, మూత్రం కూడా పోతోంది, పక్క తడిసిపోతోంది. అంటే ఆశ ఉన్నట్టే కదా? మంచం మీదికి ఎక్కనిచ్చింది నేనే. ఇదంతా నా వల్లే జరిగిందా? ఆపరేషన్ చేయించాలా, వద్దా?" అని ఆమె అడుగుతున్నారు.

ఈ జవాబు చివరిదాకా చదివేలోపే మీరు చేయవలసిన పనులు ఉన్నాయి. ముందు అవి చెబుతాను. ఆ నొప్పి మాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చిట్టి ఒంట్లో స్టిరాయిడ్ ప్రభావం ఇంకా మిగిలి ఉంటే ప్రమాదం రెట్టింపవుతుంది, పేగుకు చిల్లు పడేదాకా వెళ్లవచ్చు. కుక్కల కోసం తయారైన నొప్పి మందైనా సరే, స్టిరాయిడ్ ఎప్పుడు ఇచ్చారో, ఏ మోతాదులో ఇచ్చారో డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. రెండింటి మధ్య కొన్ని రోజుల ఎడం ఉండాలి. ఇక రెండో పని. ఈ రోజే, రేపటికి వాయిదా వేయకుండా, చిట్టిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "వెనుక కాళ్లలో లోతైన నొప్పి దీనికి తెలుస్తోందా?" తీసుకెళ్లేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి, వీపు వంగకుండా సమంగా ఎత్తండి. గట్టి అడుగు ఉన్న పెట్టెలో పడుకోబెట్టి తీసుకెళ్లండి.

ఆపరేషనా, విశ్రాంతా, వీడ్కోలా అని మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. దీనికి జవాబు తెలియకుండా మీరు ఎంత చర్చించుకున్నా ఏదీ తేలదు.

కాలు వెనక్కి లాక్కోవడం చూసి మీరు ధైర్యం తెచ్చుకున్నారు. ఆ ధైర్యాన్ని తగ్గించవలసి వస్తున్నందుకు బాధగానే ఉంది, కానీ చెప్పక తప్పదు. కాలు లాక్కోవడం, నొప్పి తెలియడం రెండూ ఒకటి కావు. వేలు నొక్కినప్పుడు ఆ సంకేతం నడుము భాగంలోని వెన్నుపాము దాకా వెళ్లి, అక్కడి నుంచే తిరిగి వచ్చి కాలిని ముడుచుకునేలా చేస్తుంది. మెదడుతో దానికి పని లేదు. పైన వెన్నుపాము పూర్తిగా దెబ్బతిని మెదడుకు కబురే అందకపోయినా కాలు ముడుచుకుంటూనే ఉంటుంది. అందుకే అనుభవమున్న డాక్టరు ఈ పరీక్ష చేసేటప్పుడు కాలిని కాదు, ముఖాన్ని చూస్తారు. శస్త్రచికిత్సలో వాడే పట్టకారుతో వేలి ఎముకను గట్టిగా నొక్కుతారు. కుక్క తల తిప్పి చూసిందా, మూలిగిందా, కరవబోయిందా, కనీసం కనుపాపలు పెద్దవయ్యాయా, ఊపిరి ఆగిందా అని గమనిస్తారు. కాలు ముడిచి ముఖంలో మార్పేమీ లేకపోతే నొప్పి తెలియడం లేదనే లెక్క. రెండు కాళ్లలోనూ చూస్తారు, ఒక్కోసారి తోక దగ్గర కూడా. ఇంట్లో మీరు వేళ్లతో నొక్కి చూస్తే ఇది తేలదు, ఆ పని డాక్టరుకే వదిలేయండి.

మూత్రం సంగతి కూడా అలాంటిదే. పక్క తడుస్తున్నంత మాత్రాన మూత్రం పోసినట్టు కాదు. వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు మూత్రాశయం తనంతట తాను ఖాళీ కాలేక నిండిపోయి, పట్టనిది బొట్లుబొట్లుగా కారుతుంది. చూసేవాళ్లకు మూత్రం పోతున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం అది ఉబ్బి బిగుసుకుపోయి ఉంటుంది. అలా రోజుల తరబడి సాగితే మూత్రాశయం కండరం పట్టు కోల్పోతుంది, ఇన్‌ఫెక్షన్ తప్పదు. దాన్ని చేత్తో ఎలా నొక్కి ఖాళీ చేయాలో డాక్టరు దగ్గరే నేర్చుకోండి. వెనుక కాళ్లకు కొంచెం ముందు, పొట్టకు రెండు పక్కలా అరచేతులు ఆనిస్తే గుండ్రంగా ఒక ఉబ్బు తగులుతుంది. కుదుపు లేకుండా, ఒకే ఒత్తిడితో, నెమ్మదిగా వెనక్కి నొక్కాలి. ధార మొదలయ్యాక ఆగేదాకా చేతులు తీయకూడదు. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. గట్టిగా అడ్డుకుంటుంటే బలవంతం చేయకండి, కండరాన్ని సడలించే మందులు ఉన్నాయి. మొదట్లో భయంగా ఉంటుంది, చేయగా చేయగా చేతికి అలవాటవుతుంది. ఆపరేషన్ చేయించినా, చేయించకపోయినా ఈ పని మీకు తప్పదు కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇంతకూ చిట్టికి ఏం జరిగిందో చెబుతాను. అప్పుడే డాక్టర్లు చెప్పిన మాటలు మీకు అర్థమవుతాయి. వెన్నుపూసల మధ్య ఉండే ప్రతి డిస్కులోనూ బయట ఉల్లి పొరల్లాంటి గట్టి వలయాలు, మధ్యలో మెత్తటి గుజ్జు ఉంటాయి. డాక్స్‌హండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, పెకినీస్ లాంటి జాతుల్లో ఆ గుజ్జు చిన్న వయసులోనే, తరచు ఏడాది నిండేలోపే, నీరు తగ్గి ఎండిపోవడం మొదలవుతుంది. సున్నం పేరుకుని గట్టిపడుతుంది. తర్వాత ఎప్పుడో ఒకరోజు వలయం చిట్లి, ఆ గట్టి పదార్థం పైన ఉన్న వెన్నుపాము మీదికి దూసుకొచ్చి దాన్ని నొక్కుతుంది. ఇది ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య జరుగుతుంది. ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోటే ఎక్కువ. స్వీడన్‌కు చెందిన పశువైద్య శాస్త్రవేత్త హాన్సెన్ 1950ల్లోనే ఈ రకాన్ని, పెద్ద జాతి కుక్కల్లో వయసు మళ్లాక నెమ్మదిగా డిస్కు ఉబ్బే రకాన్ని విడదీసి చూపారు. నేటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే మొదటి రకం, రెండో రకం అంటారు. చిట్టిది మొదటి రకమే అనిపిస్తోంది.

ఈ జాతుల్లో ఇలా ఎందుకవుతుందో 2017లో జన్యు పరిశోధకులు కనుక్కున్నారు. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు నకలు ఒకటి 12వ క్రోమోజోములో అదనంగా చేరి, డిస్కులు ముందే ముదిరిపోయేలా చేస్తోంది. అంటే ఈ జబ్బుకు బీజం చిట్టి పుట్టకముందే పడింది. మీరు మంచం ఎక్కనివ్వకపోయినా ఆ డిస్కులు ఎండేవే. దూకడం వల్ల ఆ రోజు కొంత ముందుకు జరిగి ఉండవచ్చు, అంతే. మంచం మొహమే చూడని కుక్కలకు నిద్రలో తిరిగి పడుకునేటప్పుడు కూడా డిస్కు జారుతుంది. కాబట్టి "నా వల్లే" అనే మాట మీరు మనసులోంచి తీసేయండి. మీ అబ్బాయి కూడా ఇదే అనుకుంటున్నాడని రాశారు. వాడికీ ఈ మాట చెప్పండి.

మొదటి డాక్టరు మీద కోపం పెంచుకోవద్దు. నొప్పి మాత్రమే ఉండి నడక బాగున్నప్పుడు మందులతో మొదలుపెట్టడం సరైన దారే. లోపించింది కదలనివ్వకుండా ఉంచడం. ఇంజెక్షన్ నొప్పిని తీసేసింది, చిట్లిన వలయాన్ని అతికించలేదు. నొప్పి తెలియని చిట్టి పరుగులు పెట్టింది, మిగిలిన గుజ్జు కూడా బయటికి వచ్చింది. ఇప్పుడు మళ్లీ స్టిరాయిడ్ వేయించి చూద్దామన్న సలహాను నేను సమర్థించలేను. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ 2022లో ప్రకటించిన నిపుణుల ఏకాభిప్రాయంలోనూ ఈ జబ్బుకు స్టిరాయిడ్లను అలవాటుగా వాడవద్దనే ఉంది. వాటి వల్ల కోలుకోవడం మెరుగుపడుతుందనే రుజువు లేదు. కడుపు పుండ్లు, మూత్రం ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరుగుతాయి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నందుకు కంగారు పడనవసరం లేదు. ఎక్స్‌రే ఎముకను చూపుతుంది, వెన్నుపామును చూపదు. విరిగిన ఎముక, పూసల ఇన్‌ఫెక్షన్, ఎముకను తినేసిన గడ్డ లాంటివి లేవని తేల్చడానికి అది పనికొస్తుంది. సందు తగ్గడం అనుమానాన్ని బలపరుస్తుంది, కానీ కోయవలసిన చోటు అదేనని హామీ ఇవ్వదు. వెన్నుపాములో రక్తప్రసరణ ఆగిపోయినా కాళ్లు హఠాత్తుగా పడిపోతాయి, అయితే అందులో సాధారణంగా నొప్పి ఉండదు, ఒక పక్క ఎక్కువగా దెబ్బతింటుంది. చిట్టి మూడు వారాల ముందే నొప్పితో అరిచింది, రెండు కాళ్లూ పోయాయి, జాతి డాక్స్‌హండ్. కాబట్టి డాక్టరు డిస్కు అనడంలో తొందరపాటు కనిపించలేదు. ఆపరేషన్ వైపు వెళ్లాలనుకుంటేనే ఎంఆర్‌ఐ అవసరం. ఆపరేషన్ చేయించేది లేదని తేల్చుకున్నాక మత్తిచ్చి స్కాన్ తీయించడంలో సాధారణంగా ప్రయోజనం తక్కువ. మీకు అందుబాటులో ఎంఆర్‌ఐ లేకపోతే సీటీ స్కాన్ సరిపోతుందేమో అడగండి. డాక్స్‌హండ్‌లలో బయటికి వచ్చిన పదార్థంలో సున్నం ఉంటుంది కనుక చాలాసార్లు సీటీలోనే స్పష్టంగా కనబడుతుంది, పని కూడా త్వరగా ముగుస్తుంది.

(పిల్లులు పెంచుతున్నవారికి ఒక మాట. పిల్లుల్లో డిస్కు జబ్బు అరుదు. పిల్లికి ఉన్నట్టుండి వెనుక కాళ్లు పడిపోయి, పాదాలు చల్లబడి, గట్టిగా అరుస్తుంటే రక్తం గడ్డ పెద్ద ధమనికి అడ్డుపడి ఉండవచ్చు. ఈ ఉత్తరంలోని విషయాలేవీ దానికి వర్తించవు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.)

ఇప్పుడు మీ దారుల సంగతి. పరీక్షలో చిట్టికి నొప్పి తెలుస్తోందని తేలిందనుకుందాం. అప్పుడు మీవారి భయానికి ఆధారం లేదని నేను గట్టిగా చెప్పగలను. ఆపరేషన్‌లో వెన్నుపామును కోయరు. పక్కనుంచి పూస ఎముకలో చిన్న కిటికీ తెరిచి, పాము మీద పేరుకున్న పదార్థాన్ని తీసి ఒత్తిడి తగ్గిస్తారు. నొప్పి తెలిసే దశలో ఆపరేషన్ చేసిన కుక్కల్లో 100కి 90కి పైగా మళ్లీ నడుస్తాయి, ఎక్కువ భాగం కొన్ని వారాల్లోనే. అదే దశలో ఆపరేషన్ లేకుండా విశ్రాంతి, మందులతోనే నెట్టుకొస్తే, కాళ్లు పూర్తిగా పడిపోయిన కుక్కల్లో సగానికి కొంచెం ఎక్కువ నడకకు వస్తాయి. అది చిన్న ఆశ కాదు, కానీ కోలుకోవడం నెమ్మదిగా ఉంటుంది, నడకలో తూలుడు మిగిలిపోవచ్చు, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పైగా ఈ దారిలో పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇవాళ తెలుస్తున్న నొప్పి రేపు తెలియకపోవచ్చు. అందుకని మొదటి వారం రోజూ డాక్టరు చేత ఆ పరీక్ష చేయించాలి, అది పోయిందని తేలితే అప్పటికప్పుడు నిర్ణయం మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

నొప్పి తెలియడం లేదని తేలితే లెక్క మారుతుంది. ఆపరేషన్ చేస్తే దాదాపు సగం నుంచి 60 శాతం దాకా నడకకు వస్తాయి. చేయకపోతే 10 శాతానికి అటూ ఇటూ మాత్రమే. నొప్పి తెలియకుండా పోయి 48 గంటలు దాటితే ఆపరేషన్ దండగ అనే మాట మీ చెవిన పడవచ్చు. ఆ గీత అంత కచ్చితమైనది కాదని తర్వాతి పరిశీలనల్లో తేలింది, కాబట్టి ఒకరోజు ఆలస్యమైందని ఆశ వదులుకోకండి. అలాగని ఇంకో రోజు ఆగి చూద్దామనీ అనుకోకండి. ఈ దశకు చేరిన కుక్కల్లో 100కి 10 నుంచి 15 దాకా మరో గండం ఉంది: వెన్నుపాము మెత్తబడి చచ్చిపోవడం మొదలై పైకి పాకుతుంది. ఆపరేషన్ చేసినా అది ఆగకపోవచ్చు. మొదటి వారంలోనే చాలామటుకు బయటపడుతుంది. వెనుక కాళ్లు, తోక పూర్తిగా వేలాడిపోవడం, జ్వరం, తర్వాత ముందు కాళ్లూ బలహీనపడటం, ఊపిరి కష్టం కావడం దీని లక్షణాలు. దీనికి చికిత్స లేదు. ఆ లక్షణాలను డాక్టరు నిర్ధారిస్తే, మీవారన్న "ప్రశాంతంగా పంపేయడం" అనే మాటే సరైనది. అప్పుడు వెనకాడి ఊపిరాడని స్థితిదాకా తీసుకురాకండి.

అంతకుముందే ఆ మాట అనుకోవడం మాత్రం తొందరపాటు. కాళ్లు తిరిగి రాకపోయినా చక్రాల బండితో ఏళ్ల తరబడి ఉత్సాహంగా బతికే కుక్కలు ఎన్నో ఉన్నాయి. చాలా కుక్కల్లో మొదటి నొప్పి తగ్గాక మనసు మామూలుగానే ఉంటుంది, బంతి వెంట పడతాయి, మనుషుల కోసం ఎదురుచూస్తాయి. అక్కడ మోయవలసిన బరువు మీది: రోజుకు మూడు నాలుగు సార్లు మూత్రం తీయాలి, పుండ్లు పడకుండా పక్క మార్చాలి, మాటిమాటికీ మూత్రం పరీక్ష చేయించాలి. ఇంట్లో ఇద్దరు పెద్దలూ సమ్మతించి పంచుకుంటేనే అది సాగుతుంది. మీవారితో మాట్లాడేటప్పుడు ఆపరేషన్ మంచిదా చెడ్డదా అని కాకుండా, మూడు నెలల పాటు ఎవరు ఏ వేళ ఏ పని చూసుకోగలరో రాసుకుని మాట్లాడండి. ఆయన అభ్యంతరంలో ప్రేమ ఎంత, అలసట ఎంత, ఖర్చు భయం ఎంత అన్నది అప్పుడే బయటపడుతుంది.

ఖర్చు సంగతి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో, సిగ్గుపడుతున్నట్టు రాశారు. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. స్కాన్, ఆపరేషన్, ఆసుపత్రిలో ఉంచడం, తర్వాత ఫిజియోథెరపీ అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే రాసివ్వమని అడగండి. పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చేస్తారేమో కూడా వాకబు చేయండి. శక్తికి మించినదైతే ఆ మాట డాక్టరుతో నేరుగా చెప్పండి. నొప్పి తెలిసే దశలో విశ్రాంతి, మందుల దారి ఎంచుకోవడం క్రూరత్వం కాదు.

ఆ దారి ఎంచుకుంటే విశ్రాంతి అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. గదిలో తలుపు వేసి ఉంచడం విశ్రాంతి కాదు. నిలబడటానికి, వెనక్కి తిరగడానికి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి చాలినంత బోను, అందులో పొడిగా ఉండే మెత్తటి పక్క, అదీ కనీసం నాలుగు వారాలు. బయటికి తీసేది మలమూత్రాల కోసమే, అప్పుడు కూడా పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని, మెడపట్టీ కాకుండా ఛాతీ పట్టీతో. రెండో వారంలో నొప్పి తగ్గి చిట్టి బోనులోంచి దీనంగా చూస్తూ ఏడుస్తుంది. మొదటిసారి మోసపోయింది సరిగ్గా ఆ దశలోనే. జాలిపడి తలుపు తీసేది మీ అబ్బాయే అయి ఉంటాడు కనుక, ఎందుకు తీయకూడదో వాడికి ముందే వివరించండి. కాళ్లను నెమ్మదిగా ముడిచి చాపే వ్యాయామాలను డాక్టరు ఎప్పుడు మొదలుపెట్టమంటే అప్పుడే మొదలుపెట్టండి. బరువు పెరగనివ్వకండి.

ఆపరేషన్ దారి ఎంచుకుంటే సర్జన్‌ను ఈ విషయాలు అడగండి: ఇలాంటివి ఎంత తరచుగా చేస్తారు, స్కాన్‌లో డిస్కు కాకుండా మరేదైనా కనబడితే మత్తులోనే ఉంచి మమ్మల్ని సంప్రదిస్తారా, పక్కనున్న డిస్కులు మళ్లీ జారకుండా వాటి గుజ్జును కూడా అప్పుడే తీసేస్తారా, మూత్రం తనంతట తాను పోసేదాకా ఆసుపత్రిలోనే ఉంచుకుంటారా, లేక ఇంటికి పంపుతారా. నొప్పి తెలియని దశలో ఆపరేషన్ జరిగితే, నాలుగు వారాల తర్వాత మళ్లీ అదే పట్టకారు పరీక్ష చేయించండి. అప్పటికి నొప్పి తెలిస్తే నడక కోసం ఇంకా ఆగవచ్చు. తెలియకపోతే నడక వచ్చే అవకాశం బాగా తగ్గిందని అర్థం, చక్రాల బండికి కొలతలు తీయించే సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.